పురుడు అటు, పెంపకం ఇటు: బిలోలి తెలుగిళ్లలో తల్లిపాల లెక్క

ఆగస్టు ఒకటో తారీకు వస్తే మన బిలోలిలో సర్కారు దవాఖాన గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద కొత్త పోస్టరు పడుతుంది. 'జాగతిక్ స్తన్‌పాన్ సప్తాహ్' అని పెద్ద అక్షరాలు, కింద ఒడిలో బిడ్డతో నవ్వుతున్న తల్లి. ఆ వారంలో ఒక పూట ఆశా తాయి గర్భిణులను, బాలెంతలను పిలుస్తుంది. నర్సు మరాఠీలో నాలుగు మంచి మాటలు చెబుతుంది. ఒక ఫొటో, రిజిస్టరులో సంతకాలు, ఇంటికి.

చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు. ఆ తర్వాత మెత్తని అన్నం, పప్పు మొదలుపెట్టి, రెండేళ్లదాకా పాలు ఇస్తూనే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే, మన కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో 'మా' పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమం చెప్పేదీ ఇదే.

కానీ ఆ మాటలు విన్నదెవరు, ఇంట్లో నిర్ణయించేదెవరు? మీటింగుకు పోయి వచ్చింది ఇరవై, ఇరవై రెండేళ్ల కోడలు. పసిగుడ్డు నోట్లో మొదట ఏం పడాలో చెప్పేది అత్తమ్మ. తొలి కాన్పు అయితే తల్లిగారింట్లో అమ్మమ్మ. ఆ ఇద్దరూ మీటింగులో లేరు. ఉన్నా, ఆ పోస్టరు వాళ్ల కోసం రాసింది కాదు.

వాళ్లకు మరాఠీ రాదని మేము అనడం లేదు. ఎన్ని తరాల నుంచి ఇక్కడ ఉన్నాం! సాత్‌బారా ఉతారా మరాఠీలో చదువుకుంటాం, పిల్లల్ని మరాఠీ బడికి పంపుతాం, బజారులో బేరం మరాఠీలోనే ఆడతాం. అయినా మన ఇళ్లలో పురిటిగది మాత్రం ఇంకా తెలుగులోనే ఉంది. ముర్రుపాలు, కాయం, పథ్యం, ఉగ్గు, దిష్టి, ఈ మాటలేవీ మరాఠీలోకి మారలేదు. నర్సు 'చీక్' పారబోయకండి అని చెప్పినప్పుడు మన అవ్వకు గుర్తొచ్చేది కోడలు కాదు, ఈనిన బర్రె.

ఆ బర్రె సంగతే కాసేపు మాట్లాడుకుందాం. బర్రె ఈనితే మొదటి రోజుల పాలతో జున్ను చేసి వాడకట్టంతా పంచుకుంటాం. పక్క మరాఠీ ఇంట్లో అదే పాలతో ఖర్వస్ చేసి మనకు పంపుతారు. యాలకులు వేశారా, మిరియాలు వేశారా అని రుచి చూసి మెచ్చుకుంటాం. మొదటి పాలు తాగని దూడ నిలవదని పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే దూడకు వదిలి మిగిలింది పిండుకుంటాం. అదే ఇంట్లో, కోడలి ముర్రుపాలు పసుపుపచ్చగా, జిగటగా ఉన్నాయని, అవి కడుపులో నిలవ ఉన్న చెడుపాలని, రెండు మూడు రోజులు పిండి పారబోయించిన అవ్వలు మనలో ఇంకా ఉన్నారు. దూడకు ఉన్న హక్కు మనవడికి లేకపోయింది.

ముర్రుపాలు కొంచెమే వస్తాయి. ఆ కొంచెం చూసి 'పాలు పడలేదు' అని కంగారు పడతారు. మొదటి రోజు బిడ్డ కడుపు కూడా అంతే చిన్నది, ఒక్కో పూటకు ఒకటి రెండు చెంచాలకు మించి పట్టదు. ఆ ఒకటి రెండు చెంచాల్లోనే రోగాల నుంచి కాపాడే పదార్థాలు దండిగా ఉంటాయి. ఘనాలో దాదాపు పదకొండు వేల మంది శిశువులను గమనించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం, పుట్టిన గంటలోపు అందరికీ పాలు పట్టించగలిగితే మొదటి నెల మరణాల్లో 22 శాతం ఆపవచ్చని లెక్కకట్టింది. అందుకే ఈ చర్చ అంతా ఆ ఒక్క గంట చుట్టూ తిరుగుతుంది.

మరి ఆ గంటలో మన బిలోలి కోడలు ఎక్కడ ఉంటుంది? చాలాసార్లు బిలోలిలో ఉండదు.

తొలి కాన్పు తల్లిగారింట్లోనే అన్న ఆచారం మనకు గట్టిది. మన సంబంధాలేమో బోధన్, బాన్సువాడ, బిచ్కుంద, మద్నూరు, జుక్కల్ వైపు. ఇందులో వింతేమీ లేదు. 1956 నవంబరు 1 దాకా ఇవన్నీ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఊళ్లు. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లయితే నాందేడ్ జిల్లాలో, మన పక్క దెగ్లూరు తాలూకాలోనే ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ రెండు సర్కిళ్లను, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను విడదీసి అటు కలిపింది. మిగిలిన నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి వచ్చింది, తర్వాత మహారాష్ట్ర అయింది. గీత గీసినవాళ్లు భాష చూశారు, పెండ్లి సంబంధాలు చూడలేదు.

కాబట్టి ఏడో నెల రాగానే మన కోడలు బోధన్ బస్సెక్కుతుంది, అటు ఇచ్చిన మన బిడ్డ ఇటు వస్తుంది. ఎస్టీ బస్సులో ఆడవాళ్లకు సగం టికెట్టు మహారాష్ట్ర సరిహద్దు దాకే. తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రం లోపలే. సాలూర దగ్గర మంజీర దాటేసరికి టికెట్టు లెక్కే మారిపోతే, ఆరోగ్య లెక్కలు మారకుండా ఉంటాయా?

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఆశ్చర్యం వేసింది. మహారాష్ట్రలో వంద కాన్పుల్లో 25.4 సిజేరియన్లు. తెలంగాణలో 60.7, అదీ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మహారాష్ట్రలో 53.2 శాతం, తెలంగాణలో 37.1 శాతం. దేశం మొత్తం మీద 41.8. అంటే మనం అమ్మ చేతి వంట, తెలుగు మాట్లాడే డాక్టరు, తోడబుట్టినవాళ్ల అండ ఉంటాయని అటు పంపిస్తున్నాం. ఆ మూడూ దొరుకుతున్నాయి కూడా. వాటితో పాటు కడుపు కోత పడే అవకాశం రెట్టింపు దాటుతోంది, తొలి గంట చేజారే అవకాశం పెరుగుతోంది.

ఆ పట్టికలోనే ఇంకో అంకె ఉంది. ఆరు నెలల లోపు పిల్లల్లో కేవలం తల్లిపాల మీదే ఉన్నవాళ్లు మహారాష్ట్రలో 71.0 శాతం, తెలంగాణలో 68.2. తేడా మూడు శాతం కూడా లేదు. తొలి గంటలో పదహారు శాతం తేడా, ఆ తర్వాత మూడే. మేము దీన్ని ఇలా చదువుతున్నాం: తల్లుల మనసులో లోపం లేదు, ఇంటికి చేరాక వాళ్లు పాలిస్తూనే ఉన్నారు. జారిపోతున్నది ఎక్కువగా ఆపరేషన్ గది నుంచి వార్డుకు వచ్చే దారిలో. ఆ దారిలో తల్లికి చెప్పి ప్రయోజనం తక్కువ. మత్తులో ఉన్న మనిషికి ఏం చెబుతాం? ఆసుపత్రికి చెప్పాలి, బయట వరండాలో కూర్చున్న అమ్మమ్మకు చెప్పాలి.

ఇటువైపు కూడా గొప్పలకు పోనక్కర్లేదు. అంతకు ముందు సర్వేలో మహారాష్ట్రలో తొలి గంట అంకె 57.5. నాలుగు శాతం కిందికే వచ్చింది. పట్నాలు పల్లెల కన్నా వెనుకబడ్డాయని కూడా ఆ సర్వే చెబుతోంది. దేశవ్యాప్తంగా ఆరు నెలల లోపు కేవలం తల్లిపాలు పల్లెల్లో 65.1 శాతం పిల్లలకు అందితే, పట్నాల్లో 59.6 శాతానికే అందాయి. దవాఖానలు, మందుల దుకాణాలు, చదువుకున్నవాళ్లు పట్నాల్లోనే కదా ఎక్కువ అనుకుంటాం. డబ్బాపాలు కూడా అక్కడే ఎక్కువ.

సిజేరియన్ అయితే పాలివ్వకూడదని ఎక్కడా లేదు. నడుములో సూది ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. తోడు ఒక మనిషి ఉండి బిడ్డను రొమ్ము దగ్గర పట్టుకుంటే గంటలోపే పట్టించవచ్చు. ఆ తోడు మనిషి లేకపోవడం, ఉన్న మనిషికి 'ఇప్పుడు కాదు' అని చెప్పి పంపేయడం, అదీ జరుగుతున్నది.

మేము దగ్గరగా చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాం. పేరు, ఊరు అవసరం లేదు. ఇటు కోడలు తొలి కాన్పుకు మంజీర దాటి తల్లిగారింటికి పోయింది. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. బిడ్డను ఆ రాత్రి వేరే గదిలో ఉంచారు. బిడ్డకు జబ్బేమీ లేదు, 'చూసుకోవడానికి' అన్నారు. తండ్రి చేతికి ఒక చీటీ వచ్చింది, కింద మందుల దుకాణంలో చూపిస్తే డబ్బాపాలు, సీసా ఇచ్చారు. తల్లి బిడ్డను ఎత్తుకున్నది మర్నాడు పొద్దెక్కాక. మూడో రోజుకు రొమ్ములు రాయిలా గట్టిపడి, ముట్టుకుంటే ఏడ్చేంత నొప్పి. సీసా పీకకు అలవాటుపడ్డ బిడ్డ రొమ్ము పట్టలేదు. 'దీనికి పాలు పడలేదు' అని అమ్మమ్మ తేల్చింది. నిజానికి పాలు పడ్డాయి కాబట్టే ఆ నొప్పి. ఆ మాట చెప్పగల మనిషి ఆ గదిలో లేకపోయింది.

నాలుగో నెలలో బిలోలికి వచ్చారు, సగం తల్లిపాలు, సగం డబ్బా. నాలుగు వందల గ్రాముల డబ్బా వారం కూడా రాదు. ఖర్చు చూసి ఇంట్లో పొడి తగ్గించి నీళ్లు పెంచారు. ఎవరో చెప్పి చేసిన పని కాదది, ఇంటి బడ్జెటు చేయించింది. ఎండాకాలం, సీసా సరిగ్గా మరగలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. నాందేడ్‌లో నాలుగు రోజులు సెలైన్. బిడ్డ ఇప్పుడు బాగుంది. ఆ కోడలు మాత్రం ఇప్పటికీ తప్పు తన ఒంటిదే అనుకుంటుంది.

నాందేడ్ అనగానే మనకు 2023 అక్టోబరు గుర్తుకొస్తుంది. అక్కడి శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు, వాళ్లలో 12 మంది అప్పుడే పుట్టిన పిల్లలు. బొంబాయి హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మందులు లేవన్నారు, సిబ్బంది లేరన్నారు, చివరి ఘడియలో తెచ్చారన్నారు. వాదనలు ఎన్నైనా ఉండనీయండి. మనకు పెద్దాసుపత్రి అంటే నర్సీ, నాయ్‌గావ్ దాటి పోవాల్సిన ఆ ఆసుపత్రే. అక్కడ పసిపిల్లల గది ఎప్పుడూ నిండి ఉంటుంది. తల్లిపాలతో ఇంటి దగ్గరే ఆపగలిగిన విరేచనాలు, నెమ్ము వల్ల ఒక మంచం నిండితే, నెల తక్కువ పుట్టిన ఇంకో బిడ్డకు ఆ మంచం దొరకదు. తల్లిపాలు 'ఆడవాళ్ల విషయం' అని పక్కకు తప్పుకునే మన మగవాళ్లు ఆ దారిలో రాత్రిపూట ఒక్కసారి ప్రయాణం చేసినవాళ్లను అడిగి చూడాలి.

మంజీర అటువైపు అంతా చీకటే అని రాస్తే అది అన్యాయం. కామారెడ్డి జిల్లా బాన్సువాడలోని ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రికి 2022లో 'తల్లిపాల స్నేహపూర్వక ఆసుపత్రి'గా జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఇచ్చింది 1991 నుంచి ఇదే పని మీద ఉన్న బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా. ఆ గుర్తింపు వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ పెట్టిన పది మెట్లు ఉన్నాయి. సిబ్బంది అందరికీ శిక్షణ ఉండాలి, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి ఒంటికి ఆనించాలి, తల్లీబిడ్డలను రాత్రీ పగలూ ఒకే గదిలో ఉంచాలి, డాక్టరు అవసరమని చెబితే తప్ప వేరే పాలు ఇవ్వకూడదు, ఇంటికి పోయాక సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపాలి. ఖరీదైన యంత్రం ఒక్కటీ అక్కర్లేదు. కావలసింది పద్ధతి. మన వాళ్లు కాన్పులకు పోయే దారిలోనే, తెలుగు మాట్లాడే సర్కారు దవాఖాన ఈ పని చేసి చూపించింది. బోధన్, నిజామాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల పేర్లు గడగడా చెప్పే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

సర్కారు దవాఖానకు పోకపోవడానికి మన దగ్గర ఒక కారణం ఉంటుంది. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు సర్కారు దవాఖానలో కాన్పు అయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు, పైగా సామాన్ల కిట్ అని పెట్టారు. అది ఆ రాష్ట్ర నివాసులకు. పెండ్లై ఆధార్ కార్డు బిలోలికి మారిన బిడ్డ అక్కడ పరాయిది అయిపోయింది. డబ్బు రానప్పుడు సర్కారు దవాఖాన ఎందుకు అని ప్రైవేటుకు పోయారు. మన ఇళ్లలో ఈ మాట చాలాసార్లు విన్నాం. పన్నెండు వేలు రాలేదని పోయి అంతకు ఎన్నో రెట్లు బిల్లు కట్టి వచ్చినవాళ్లూ ఉన్నారు. కేంద్రం ఇచ్చే ప్రధానమంత్రి మాతృ వందన యోజన మాత్రం ఇక్కడ ఉంది. మొదటి కాన్పుకు 5 వేలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6 వేలు. దానికి ఇక్కడి అంగన్‌వాడీలోనో, ఆశా దగ్గరో ముందే పేరు రాయించుకోవాలి. బస్సెక్కే హడావుడిలో అది మరిచిపోతారు.

మరిచిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త ఆరుసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42 రోజులకు. బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు పట్టే తీరు చూడాలి. ఈ పద్ధతికి మూలం మన మహారాష్ట్రలోనే ఉంది. గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, పసిపిల్లల మరణాలు సగానికి పైగా తగ్గించి చూపించారు. 1999లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. తర్వాత దేశమంతా దాన్ని తీసుకుంది. కానీ ఆశా తన జాబితాలో పేరున్న ఇంటికే పోతుంది. మన కోడలి పేరు బిలోలి ఆశా జాబితాలో ఉంది, మనిషి బోధన్‌లో ఉంది. బోధన్ ఆశాకు ఈమె ఎవరో తెలియదు. ఆ నలభై రెండు రోజుల్లోనే రొమ్ము గట్టిపడటం, చనుమొన పగలడం, 'పాలు చాలడం లేదు' అన్న భయం, అన్నీ వస్తాయి. రెండు ఊళ్ల మధ్య ఆ ఆరు రాకపోకలూ మాయమైపోతాయి.

మళ్లీ మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డ ఇటు వస్తుంది. చేతిలో తెలుగులో నింపిన తల్లీబిడ్డల కార్డు. టీకా వేసే నర్సుకు మరాఠీ తప్ప చదవడం రాదు. తారీకులు, అంకెలు చూసి ఎలాగో సర్దుకుంటారు. 6, 10, 14 వారాల టీకాల్లో ఒకటి అటు వేశారా లేదా అని తల గోక్కుంటారు. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పేరు మార్చుకునే వీలుంది. అది అడిగి చేయించుకోవాలి, తనంతట జరగదు.

ఇక ఉగ్గు సంగతి. 'ఉగ్గుపాలతో నేర్చిన భాష' అని మనం ఎంత గర్వంగా చెప్పుకుంటామో! మరాఠీ నేల మీద తెలుగు నిలుపుకున్నామంటే ఆ మాట మీదే. కానీ ఆ ఉగ్గు ఆరు నెలలు నిండాకే. వస కొమ్ము సానమీద అరగదీసి నాకించడం, మాట తొందరగా వస్తుందని తేనె రాయడం, ఆముదం చుక్క వేయడం మనలో ఉన్నాయి. పక్కింట్లో అదే వసను వేఖండ్ అంటారు, బాళగుటీలో వేస్తారు. రెండు భాషల అవ్వలూ ఈ విషయంలో ఒక్కటే. ఇది చాలదని వీధిలో గాడిదపాలు అమ్మేవాళ్లు చెంచా లెక్కన పోసి పోతారు, దగ్గు రాదని, ఆయాసం రాదని. పచ్చి పాలు, కడగని చెంచా, పది ఇళ్లు తిరిగిన గిన్నె. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు, అందులో ఉండే ఒక సూక్ష్మక్రిమి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది కాబట్టి. అవ్వను తిట్టి లాభం లేదు. ఆమె ప్రేమతో చేస్తోంది. సానరాయి ఏడో నెలకు దాచిపెట్టమని, అప్పుడు ఉగ్గుగిన్నె ఆమె చేతికే ఇస్తామని చెబితే వింటుంది. మేము విన్న అవ్వలను చూశాం.

మన అవ్వల పద్ధతుల్లో నిలుపుకోవాల్సినవీ ఉన్నాయి. బాలెంతకు నలభై రోజులు పని చెప్పకపోవడం, ఒళ్లు పట్టి స్నానం చేయించడం, బిడ్డ తల్లి పక్కనే పడుకోవడం, ఇవన్నీ పాలు నిలబెట్టేవే. మరాఠీ ఇళ్లలో డింక్ లడ్డూలు, అళీవ్ ఖీర్ చేసి పెడతారు, మన ఇళ్లలోకి కూడా వచ్చాయి, మంచిదే. కానీ పథ్యం పేరుతో పప్పు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు అని నోరు కట్టేయడం మాత్రం పాలిచ్చే మనిషి ఒంటిని పిండేయడమే.

డబ్బాపాల మీద చట్టం ఉందని కూడా చాలామందికి తెలియదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక అంతర్జాతీయ నియమావళి చేసింది. మన దేశం 1992లో చట్టమే చేసింది, 2003లో ఇంకా బిగించింది. దాని ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు అమ్మే పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ ఉండకూడదు. ఆసుపత్రి సిబ్బందికి కంపెనీలు బహుమతులు, కమీషన్లు ఇవ్వకూడదు. ఇంట్లో డబ్బా ఉంటే తిప్పి చూడండి, తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న హెచ్చరిక దాని మీదే రాసి ఉంటుంది. చీటీ మీద కంపెనీ పేరుతో సహా రాసిస్తే, 'ఎందుకు కావాలి, ఏ జబ్బుకు' అని అడిగే హక్కు మనకు ఉంది.

డబ్బాపాలు నిజంగా అవసరమయ్యే తల్లులు ఉంటారు. జబ్బుతో ఉన్నవాళ్లు, కొన్ని మందులు వాడుతున్నవాళ్లు, బిడ్డకు తల్లిలేని ఇళ్లు. వాళ్లను వేలెత్తి చూపడానికి ఈ మాటలు వాడితే అంతకన్నా పాపం లేదు. అలాంటి పిల్లల కోసమే ముంబైలో సయన్ ఆసుపత్రి 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టింది, ఆసియాలో అదే మొదటిది. హైదరాబాద్ నిలోఫర్‌లో 'ధాత్రి' అలాంటిదే. నాందేడ్ నుంచి అవి దూరం. చెంచాతో, గిన్నెతో పట్టడం సీసా కన్నా మేలని మాత్రం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు.

పని చేసే తల్లుల సంగతి వేరే కథ. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగిందని పేపర్లో చదివాం. మన ఇళ్లలో ఎంతమందికి అది వర్తిస్తుంది? కుట్టుమిషన్ మీద, మిర్చి కల్లంలో, కూలి పనిలో, దుకాణం గల్లా మీద ఉండే కోడళ్లకు సెలవు ఇచ్చేది యజమాని కాదు, ఇంటి మనుషులు. ఆరు నెలలు ఆమె పని ఇంకొకరు పంచుకుంటేనే ఆమె పాలివ్వగలదు. పాలు పిండి మూతగిన్నెలో పెట్టి వెళితే చల్లని చోట నాలుగు గంటలు ఉంటాయి. మన ఎండాకాలంలో అంత కన్నా తొందరగా వాడేయడం మంచిది.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పని. భాషా అల్పసంఖ్యాకుల కోసం 1956లో కేంద్ర హోంశాఖ ఒక మెమొరాండం ఇచ్చింది, రాజ్యాంగంలో 350-బి అధికరణం చేర్చి ప్రత్యేక కమిషనర్‌ను పెట్టారు. ఆ రక్షణల్లో ఒకటి: జిల్లాలోగానీ తాలూకాలోగానీ ఒక భాష మాట్లాడేవాళ్లు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలో కూడా ఇవ్వాలి. తెలుగు బడుల కోసం, పుస్తకాల కోసం మన పెద్దలు దీన్ని చూపించారు. దవాఖాన కాగితాల కోసం ఎవరూ అడగలేదు. తాలూకా భాషా పట్టికలు తీసి, దానితో తాలూకా ఆరోగ్య అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు. 2027 జనగణనలో మాతృభాష గడిలో ఎన్యూమరేటరు తనంతట మరాఠీ అని రాసేసుకోకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

దరఖాస్తు మీద ఏళ్లు గడుస్తాయేమో, ఈలోపు కడుపుతో ఉన్నవాళ్లు ఆగరు కదా. కోడలు తల్లిగారింటికి పోయే ముందు ఇక్కడి ఆశా తాయి దగ్గర బోధన్ చిరునామా రాయించండి. అక్కడ దిగిన వారంలోపు ఆ వాడ ఆశాను ఇంటికి పిలిపించండి. ఆసుపత్రి ఏదైనా, డాక్టరును ముందే అడగండి: ఆపరేషన్ అయినా గంటలోపు బిడ్డను ఇస్తారా, రాత్రి మా దగ్గరే ఉంచుతారా? ఈ ప్రశ్న అడగాల్సింది కోడలు కాదు, అమ్మమ్మ, తండ్రి. అందుకే మీటింగుకు ఈసారి వాళ్లను పంపండి.

మేము ఒక పేజీ తెలుగు కాగితం తయారుచేశాం. పెద్ద అక్షరాలు, 'ముర్రుపాలు' అన్న మాట అందరికన్నా పైన. బాగా పెద్దవయసు అవ్వలకు చదివి వినిపించి రెండుసార్లు మార్చాం. మూడోసారి ఒక అవ్వ 'జున్ను సంగతి కూడా రాయండి, అప్పుడు మాకు ఎక్కుతుంది' అంది. రాశాం. దవాఖాన గోడ మీద మరాఠీ పోస్టరు పక్కన దీన్ని అతికించడానికి అనుమతి అడిగే దరఖాస్తు కూడా సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి. మీ ఇంట్లో నుంచి ఒక సంతకం అత్తమ్మది అయితే మాకు ఇంకా సంతోషం.